లాంకాస్టరా, బీ-17నా: సిమ్యులేటర్ కోసం ముందు ఏది కట్టాలి?

రెండూ రెండో ప్రపంచ యుద్ధపు నాలుగు ఇంజన్ల బాంబర్లే. కానీ ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం మోడల్ చేయడానికి కూర్చుంటే దేని తలనొప్పి దానిదే.

బ్రిటిష్ లాంకాస్టర్‌లో పైలట్ ఒక్కడే. పక్కన మడత సీటు మీద ఫ్లైట్ ఇంజనీర్ ఉంటాడు. ఇంధనం, ఇంజన్ గేజీలు చూసుకునేది అతనే. చిక్కంతా ఇక్కడే. ఒంటరిగా ఆడేవాడి కోసం ఆ ఇంజనీర్ పనిని ప్రోగ్రామ్ చేయాలి, లేదంటే ఆటగాడే సీటు మారుతూ ఉండాలి. టేకాఫ్‌లో విమానం ఎడమకు లాగుతుంది, అందుకే పైలట్లు ఎడమవైపు థ్రాటిళ్లను (ఇంజన్ శక్తిని పెంచే లీవర్లను) కాస్త ముందుగా తోసేవారు. ఈ లాగుడు కుదరకపోతే, పైన రంగులు ఎంత బాగా వేసినా నా లెక్కలో అది లాంకాస్టర్ కాదు. శబ్దం విషయంలో మాత్రం అదృష్టమే: ఎగరగలిగేవి ఇంగ్లండ్‌లో ఒకటి, కెనడాలో ఒకటి మిగిలాయి. కాబట్టి దాని మెర్లిన్ ఇంజన్ల హోరును ఊహించుకోనక్కర్లేదు.

అమెరికా బీ-17జీలో (బీ-17లో ఒక రకం) ఇద్దరు పైలట్లు. సిబ్బంది మామూలుగా 10 మంది, లాంకాస్టర్‌లో 7గురు. అసలు పరీక్ష టర్బో సూపర్‌చార్జర్లు, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరాలు: 25,000 అడుగుల ఎత్తులో ఇంజన్ బలమంతా వాటి చలవే. పైగా 13 మెషిన్ గన్లు, గన్లు బిగించిన తిరిగే టరెట్లు! యానిమేషన్‌కే నెలలు పడుతుంది. బాంబులు వేసే పరుగులో నార్డెన్ బాంబ్‌సైట్ (బాంబులకు గురి చూసే పరికరం) ఆటోపైలట్ ద్వారా విమానాన్ని మళ్లించేది, అదీ రాయాలి.

లాంకాస్టర్ ఎక్కువగా రాత్రి దాడులకే వెళ్లింది గనుక కాక్‌పిట్ మసక దీపాల మీద శ్రద్ధ పెట్టాలి. అయినా ఒక్కడినే చేయాలంటే నేను ముందు దాన్నే ఎంచుకుంటా. బీ-17కి జట్టు కావాలి.