టైటస్ గ్రోన్: కోట మీద మమకారం, రచయిత మీద ఫిర్యాదు

మెర్విన్ పీక్ రాసిన 'టైటస్ గ్రోన్' 1946లో వెలువడింది. గోథిక్ ఫాంటసీ అనగానే మంత్రాలు, శాపాలు, దయ్యాలు ఆశించేవారికి ముందే చెప్పవలసిన విషయం ఒకటుంది: ఈ నవలలో మాయ అనేదే లేదు. ఉన్నదల్లా గోర్మెన్‌ఘాస్ట్ అనే అంతూపొంతూ లేని కోట, దాన్ని ఏలే గ్రోన్ వంశం, ఆ వంశాన్ని ఏలే తంతులు. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చదువుతూ వస్తున్న పుస్తకం ఇది. చదివిన ప్రతిసారీ కోట మీద మమకారం పెరిగింది కానీ, రచయిత మీద ఉన్న ఫిర్యాదుల్లో ఒక్కటీ తగ్గలేదు. ముఖ్యమైన కథాఘట్టాలను ప్రస్తావించకుండా ఈ రెండింటినీ వివరించలేను కనుక, వాటిని నవలలోనే తెలుసుకోదలచినవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

కోటకు 76వ ప్రభువైన సెపల్‌క్రేవ్‌కు కొడుకు పుట్టడంతో కథ మొదలై, ఆ పిల్లవాడు ఊహ తెలియని వయసులోనే 77వ ప్రభువు కావడంతో ముగుస్తుంది. అంటే ఎవరి పేరుతో నవల ఉందో ఆ టైటస్, నవల పొడవునా ఎవరో ఒకరి చేతుల్లోనే ఉంటాడు. ప్రభువు ఏ గంటకు ఎక్కడికి వెళ్ళాలో, ఏ దుస్తులు వేసుకోవాలో, ఏ సైగ చేయాలో తెలిపే గ్రంథాలను సోర్‌డస్ట్ అనే ముసలి ఆచారాధికారి ప్రతి ఉదయం తెచ్చి విప్పుతాడు. మూడు సంపుటాల్లో మొదటిదాంట్లో ఆనాటి విధులు ఉంటాయి. రెండవదాంట్లో అన్నీ ఖాళీ పుటలే, అది కేవలం సంకేతం. ప్రభువు ఎత్తు కొద్ది అంగుళాలు తక్కువై ఉంటే దుస్తులే కాదు, నడవవలసిన దారులు కూడా మారిపోయేవట. దీన్ని పీక్ ఎక్కడా నవ్వకుండా, దస్తావేజు రాసే గుమాస్తా అంత శ్రద్ధగా చెబుతాడు. అర్థం పోయిన ఆచారం ఎంత నిష్ఠగా బతుకుతుందో ఆ ఖాళీ సంపుటం చూపినట్టు ఏ వ్యాఖ్యానమూ చూపలేదు.

పీక్ వృత్తిరీత్యా చిత్రకారుడు, పుస్తకాలకు బొమ్మలు వేసినవాడు. ఆ కన్ను ప్రతి పుటలోనూ తెలుస్తుంది. వంటశాల నుంచి పారిపోయిన పదిహేడేళ్ళ స్టీర్‌పైక్ కోట పైకప్పుల మీదుగా పాకుతూ వెళ్ళే ఘట్టం నాకు ఈ నవలలో అన్నిటికన్నా ఇష్టం. ఎవరూ అడుగుపెట్టని రాతి మైదానం ఒకటి ఆకాశంలో పరచుకుని ఉంటుంది. దూరాన ఒక బురుజు పైభాగంలో నిలిచిన నీటిలో గుర్రం ఒకటి తన పిల్లతో ఈదుతూ కనిపిస్తుంది. అవి అక్కడికి ఎలా ఎక్కాయో, ఏం తిని బతుకుతున్నాయో పీక్ చెప్పడు. ఆ మౌనం వల్లే కోట నిజంగా పెద్దదన్న నమ్మకం కలుగుతుంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. పీక్‌కు ఏదీ వదలబుద్ధి కాదు. గుర్రాన్ని ఎంత వెలుగులో చూపాడో, తలుపు గడియనూ కొవ్వొత్తి మైనాన్నీ అంతే వెలుగులో చూపుతాడు. చాంతాడంత వాక్యాల్లో విశేషణాల మీద విశేషణాలు పేరుకుని, చివరికి పాత్ర గది దాటిందో లేదో వెనక్కి వెళ్ళి చూసుకోవలసి వస్తుంది. తంతుల బరువు పాఠకుడికి కూడా తెలియాలనే ఇలా రాశాడని ఆయన అభిమానులు సమర్థిస్తారు. సగం ఒప్పుకుంటాను. విసుగును చిత్రించడం వేరు, విసిగించడం వేరు. వంటవాడు స్వెల్టర్‌కూ ప్రభువు సేవకుడు ఫ్లేకూ మధ్య పగ దీనికి మంచి ఉదాహరణ. నడిచేటప్పుడు టకటకలాడే మోకాళ్ళు తనను పట్టిస్తాయని ఫ్లే వాటికి గుడ్డలు చుట్టుకోవడం, ఇద్దరూ చివరికి సాలెగూళ్ళు నిండిన హాలులో తలపడడం అద్భుతంగా ఉంటాయి. అయితే అక్కడికి చేరేలోపు ఆ పగను ఎన్నిసార్లు నూరాడంటే, కత్తి కన్నా సానరాయి ఎక్కువ గుర్తుండిపోతుంది.

స్టీర్‌పైక్ విషయంలో నా మనసు ఇప్పటికీ ఒక పక్షానికి రాలేదు. కదలిక లేని ఆ లోకంలో పనిచేసే బుర్ర అతడిది ఒక్కటే. వంటశాల కుర్రాడు పైకి రావాలనుకోవడంలో తప్పేముందని మొదట్లో అతని వెంటే నడుస్తాం. ప్రభువు చెల్లెళ్ళయిన కవలలు కోరా, క్లారిస్‌ల చేత గ్రంథాలయానికి నిప్పు పెట్టించి, తానే రక్షకుడిగా వచ్చినప్పుడు ఆ సానుభూతి తెగిపోతుంది. ఆ మంటల తర్వాత మతి తప్పుతున్న తండ్రి సెపల్‌క్రేవ్ కోసం కూతురు ఫ్యూషా దేవదారు కాయలను పుస్తకాల్లా వరుసలుగా పేర్చి కొత్త గ్రంథాలయం కట్టే ఘట్టం ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది. అప్పటిదాకా మొండిగా, విసుగ్గా కనిపించిన ఆ పిల్ల, తండ్రి దగ్గర చనువు దొరికిన కొద్దిసేపూ ఎంత ఆత్రంగా కాయలు ఏరుతుందో చూస్తే, పీక్‌కు మనుషులు తెలియరనే విమర్శ నిలవదు. కాసేపటికే సెపల్‌క్రేవ్ తనను తాను గుడ్లగూబ అనుకోవడం మొదలుపెడతాడు. ఇంత సున్నితంగా రాయగలిగినవాడు మిగతా చోట్ల వ్యంగ్యచిత్రాలతో ఎందుకు సరిపెట్టుకున్నాడన్నదే నా బాధ.

కవలల సంగతే చూడండి. వాళ్ళ మందబుద్ధి మీద వేసిన హాస్యం ఒకటి రెండు అధ్యాయాల వరకు నవ్విస్తుంది, ఆపైన ముల్లులా గుచ్చుకుంటుంది. కోట గోడల బయట మట్టి ఇళ్ళలో బతికే శిల్పుల విషయంలో నా అభ్యంతరం ఇంకా గట్టిది. ఏటా వాళ్ళు చెక్కిన కొయ్యబొమ్మల్లో మూడింటిని ఉంచి మిగిలినవన్నీ తగలబెట్టిస్తారు. ఉంచిన ఆ మూడూ ఎవరూ చూడని హాలుకు చేరతాయి. అక్కడ రాట్‌కాడ్ అనే ఒంటరి కాపలాదారు ఈకల కుంచెతో వాటి దుమ్ము దులిపి, తన ఊయల పడకలో నిద్రపోతాడు. ఒక సమాజం మొత్తాన్నీ తప్పుపట్టగల వివరం ఇది. పీక్ దాన్ని అంత చక్కగా ఏర్పరచి, ఆ శిల్పుల బతుకులోకి వెళ్ళవలసి వచ్చేసరికి కేడా అనే దాది కోసం ఇద్దరు ప్రేమికులు కత్తులతో పొడుచుకునే మామూలు విషాదం రాసి ఊరుకున్నాడు. నవల మొత్తంలో నేను పుటలు తిప్పేసే భాగం అదొక్కటే.

ఈ వరుసలో రెండవ నవల 'గోర్మెన్‌ఘాస్ట్' 1950లో వచ్చింది. టైటస్ అందులో ఎదుగుతాడు, కథకూ పరుగు వస్తుంది, కోటను ముంచెత్తే వరద ఘట్టంలో పీక్ వర్ణనాశక్తికి తగిన పని దొరుకుతుంది. ఉపాధ్యాయుల ప్రహసనం మాత్రం కొంత సాగతీతే. 1959లో వచ్చిన 'టైటస్ అలోన్' కోటను వదిలి కార్లు, విమానాలు ఉన్న లోకంలోకి వెళుతుంది. రచయిత తీవ్ర అనారోగ్యంతో ఉన్నప్పుడు పూర్తయిన పుస్తకం కనుక దాన్ని మొదటి రెండింటితో ఒకే తూకంలో వేయడం న్యాయం కాదు. చదవదలచినవారు 1970లో సరిదిద్ది వెలువరించిన పాఠాన్ని ఎంచుకోవాలి. కోట కోసమే వచ్చినవారు మాత్రం మొదటి నవల ముగియగానే రెండవది అందుకుని, అక్కడితో ఆపవచ్చు.