టచ్ హాప్టిక్ పరికరం: విజన్, వీఆర్ ప్రయోగాల్లో పనితీరు

త్రీడీ సిస్టమ్స్ వాళ్ల టచ్ ఒక హాప్టిక్ పరికరం, అంటే వర్చువల్ వస్తువును తాకితే ఆ తాకిడిని చేతికి తెలిపేది. ఇది నిన్న మొన్నటి సరుకు కాదు. 1990ల్లో ఎంఐటీలో థామస్ మాసీ, కెన్నెత్ సాలిస్‌బరీ తయారుచేసిన ఫాంటమ్ సంతతే ఇది. ఫాంటమ్ ఆమ్నీ అన్న పాత పేరు ఎన్నో పరిశోధన పత్రాల్లో కనిపిస్తుంది. కీళ్లున్న చిన్న చెయ్యి, దాని చివర రెండు బటన్ల స్టైలస్, అంటే పెన్నులా పట్టుకునే పిడి. స్థానం, వంపు కలిపి ఆరు రకాల కదలికలను చదువుతుంది. తిరిగి ఇచ్చే బలం మాత్రం మూడు అక్షాల్లోనే: అడ్డుకుంటుంది, నెడుతుంది, మెలితిప్పలేదు. స్క్రూ బిగించే అనుభూతి కావాలంటే వేరే పరికరం చూసుకోవాలి.

గరిష్ఠ బలం 3.3 న్యూటన్లు. ఆ అంకె చూసి మురిసిపోకండి, ఆగకుండా ఇవ్వగలిగేది 0.88 న్యూటన్లే. ఎక్కువసేపు గట్టిగా నొక్కించే ప్రయోగం పెడితే మోటార్లు వేడెక్కుతాయి. వర్చువల్ గోడ కాఠిన్యం మిల్లీమీటరుకు 0.5 న్యూటన్లు పెట్టారనుకోండి, స్టైలస్ 6.6 మి.మీ. దిగేసరికి గరిష్ఠం అయిపోతుంది, ఇంకా నొక్కితే లోపలికి పోతూనే ఉంటుంది. పోనీ కాఠిన్యం పెంచుదామంటే ఒక హద్దు దాటాక స్టైలస్ గడగడ వణుకుతుంది. బలం లెక్క సెకనుకు 1000 సార్లే జరుగుతుంది కాబట్టి, రెండు లెక్కల మధ్య చెయ్యి కదిలినప్పుడు గోడ తాను తీసుకున్నదానికంటే ఎక్కువ శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది. కాఠిన్యం 0.3తో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి, వణుకు రాగానే ఒక మెట్టు దిగండి. డంపింగ్ (వేగాన్ని బట్టి కదలికను అడ్డుకునే బలం) కలిపేముందు వేగాన్ని ఫిల్టర్ చేయడం తప్పనిసరి. స్థానం 0.055 మి.మీ. మెట్లలో వస్తుంది, మిల్లీసెకనుకు ఒక్క మెట్టు మారినా వేగం 55 మి.మీ./సె. అని దూకుతుంది. ఫిల్టర్ లేకపోతే చేతికి తెలిసేది గరుకుదనమే.

కెమెరాతో జోడించేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది సర్వో లూప్ దగ్గర, అంటే సెకనుకు 1000 సార్లు బలం లెక్కించే ఆ హాప్టిక్ లూప్ దగ్గర. మార్కర్ గుర్తింపు, డెప్త్ లెక్కలు, మెమరీ కేటాయింపు, ఫైలులో రాయడం, ఏవీ ఆ లూప్‌లో ఉండకూడదు. సెకనుకు 30 ఫ్రేముల కెమెరాలో ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య హాప్టిక్ లూప్ 33 సార్లు తిరుగుతుంది. ఆ లోపల వస్తువు 5 మి.మీ. జరిగితే, కొత్త స్థానం అందిన క్షణంలో, 0.5 కాఠిన్యం దగ్గర, బలం ఒక్కసారిగా 2.5 న్యూటన్లు మారి చెయ్యి ఎగురుతుంది. కొత్త స్థానాన్ని ఆ 33 లెక్కల మీద పరిచి ఇస్తే కుదుపు పోతుంది. ఒక ఫ్రేమంత ఆలస్యం వస్తుంది గానీ, కుదుపుకంటే ఆలస్యమే నయం.

టచ్ చూపే స్థానాలను వీఆర్ హెడ్‌సెట్ స్థానాలతో కలపాలంటే ఒకే తలంలో లేని ఎనిమిది, పది బిందువులను స్టైలస్ కొనతో తాకించి, కబ్‌ష్ పద్ధతిలో (రెండు బిందు సమూహాలను ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చే తిప్పుడును కనిపెట్టే లెక్క) పరివర్తన లెక్కించండి. పని ఆవరణ సుమారు 160 × 120 × 70 మి.మీ. మాత్రమే, లోతు మరీ తక్కువ. కాబట్టి బిందువులను లోతువైపు కూడా వీలైనంత దూరం పరచాలి. స్టైలస్ వంపును చదివేవి పొటెన్షియోమీటర్లు (తిప్పితే నిరోధం మారే భాగాలు), స్థానమంత నికరంగా ఉండవు. 100 మి.మీ. వర్చువల్ పనిముట్టు తగిలిస్తే 1 డిగ్రీ తేడాకే కొన 1.7 మి.మీ. పక్కకు పోతుంది. పనిముట్టును పొట్టిగా ఉంచండి.

ఒకే బిందువుతో తాకే పనులకు, అంటే దంతవైద్య శిక్షణ, సూది గుచ్చడం, త్రీడీ శిల్పం వంటివాటికి, ఇది నమ్మకంగా తీసుకోదగ్గ పరికరం. దీని ప్రోగ్రామింగ్ కిట్ ఓపెన్‌హాప్టిక్స్‌లో, పరికరాన్ని నేరుగా నడిపే హెచ్‌డీఏపీఐతోనే మొదలుపెట్టండి, బలం సూత్రం పూర్తిగా మీ చేతిలో ఉంటుంది. వేళ్లతో పట్టుకుని ఎత్తే ప్రయోగాలకు మాత్రం దీన్ని కొనకండి.