అమ్మ వైద్యానికి మెడికల్ రీయింబర్స్‌మెంట్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

నల్లగొండ జిల్లాలో జెడ్పీ హైస్కూల్ టీచర్‌ను. అమ్మ నా డిపెండెంట్. గుండెకు స్టెంట్ వేయించిన నాటి నుంచి ఇప్పటి డయాలసిస్ దాకా ఆమె బిల్లులన్నీ మెడికల్ రీయింబర్స్‌మెంట్‌లోనే పెడుతున్నాను. అంటే వైద్యానికి మనం ముందు కట్టిన డబ్బును ప్రభుత్వం తర్వాత తిరిగి ఇచ్చే పద్ధతి. నన్నడిగితే తప్పకుండా పెట్టుకోండి. కానీ ఆ పైసలు వస్తాయి కదా అని మిత్తికి అప్పు మాత్రం తేవద్దు.

దీనికి ఆధారం 1972 నాటి ఇంటిగ్రేటెడ్ మెడికల్ అటెండెన్స్ రూల్స్. భార్యాపిల్లలతో పాటు మన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులూ కుటుంబం కిందికే వస్తారు. షుగర్, బీపీ ఉన్న ముసలి తల్లికి బయట ఆరోగ్య బీమా పాలసీ దొరకడమే కష్టం. ఆ ఒక్కటి చాలు నాకు ఇది పెద్ద అండ అనడానికి. మహిళా టీచర్లకు మాత్రం అత్తమామలు ఇందులోకి రారు. రోజూ చూసుకునేది వాళ్లనే అయినప్పుడు ఇది న్యాయం కాదు.

డబ్బు కట్టకుండానే వైద్యం చేయించుకునే హెల్త్ కార్డు ఉంది కదా అంటారు. రాత్రిపూట నార్కట్‌పల్లి, చిట్యాల దాటించి అమ్మను హైదరాబాద్ తీసుకెళ్తే, అక్కడి ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్‌లో ఆ కార్డు నడవదన్నారు. చేతి నుంచి కట్టాకే అడ్మిషన్.

అసలు పని డిశ్చార్జ్ రోజే ఉంటుంది. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఈ వైద్యం, మందులు అవసరమేనని డాక్టర్ ఇచ్చేది), ఎమర్జెన్సీ సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, ఆసుపత్రికి ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు ఉత్తర్వు కాపీ అన్నీ తీసుకున్నాకే అక్కడి నుంచి కదలండి. గుర్తింపు గడువు అడ్మిట్ అయిన తేదీకి అమల్లో ఉందా అన్నది చూడాలి. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ మీద డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న స్టాంపు ఉండాలి. అందులోని మొత్తం, బిల్లుల మొత్తం రూపాయితో సహా కలవాలి. మందుల షాపు బిల్లులు పల్చటి మెరుపు కాగితం మీద ఇస్తారు. కొన్నాళ్లకే అక్షరాలు ఎగిరిపోయి తెల్లకాగితం మిగులుతుంది. ఆ రోజే జిరాక్స్ తీయించండి. అమ్మ ఇంటిపేరు ఆధార్‌లో ముందు, సమ్మరీలో వెనక ఉందని మా ఫైలు ఒకసారి వెనక్కి వచ్చింది.

డిశ్చార్జ్ అయిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ పెట్టాలి. పెద్ద మొత్తాలు హైదరాబాద్ కోఠీలోని డీఎంఈ (వైద్య విద్య డైరెక్టర్) ఆఫీసులో స్క్రూటినీకి వెళ్తాయి. అక్కడ ఒక్కో చికిత్సకు ప్రభుత్వం ఖరారు చేసిన ప్యాకేజీ రేట్ల ప్రకారం లెక్కగడతారు, కాబట్టి కట్టినదంతా తిరిగి రాదు. భోజనం, అటెండెంట్ ఖర్చుల మీద ఆశ పెట్టుకోవద్దు. ఆసుపత్రిలో చేరకుండా వాడే మామూలు ఓపీ మందులకూ డబ్బులు రావు. డయాలసిస్, కీమో లాంటివాటికి మినహాయింపు ఉంది. మాకు ఆధారం అదే.

ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) వచ్చి, ట్రెజరీలో బిల్లుకు టోకెన్ (వరుస నంబరు) పడితే గట్టెక్కినట్టే అనుకుంటాం. నిజమైన టెన్షన్ అక్కడే మొదలవుతుంది. మంజూరైన డబ్బు ఖాతాలో ఎప్పుడు పడుతుందో మా హెడ్మాస్టర్ సారు కూడా చెప్పలేరు. ఈ పథకంలో నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. కోతలు పెట్టినా ఒప్పుకుంటాం, ఒప్పుకున్న మొత్తమైనా సమయానికి ఇవ్వాలి కదా. కనీసం డయాలసిస్, క్యాన్సర్ బిల్లులను టోకెన్ వరుసలో నిలబెట్టకుండా ముందు చెల్లించాలి. అమ్మకు వారం వారం మెషిన్ ఎక్కాల్సిందే, ప్రతిసారీ డబ్బు అప్పటికప్పుడు కట్టాల్సిందే.