క్యాసెట్ల చాచా దుకాణం: మా బిడ్డకు పాట మొత్తం వినుడు అలవాటైన కాడ

నేను ఆర్టీసీల కండక్టర్‌ను. నల్లగొండ–దేవరకొండ రూటు. 2023 డిసెంబర్ల ఆడోళ్లకు ఫ్రీ బస్సు వచ్చినకాడి నుంచి బస్సు ఎప్పుడూ కిటకిటే. జీరో టికెట్లు కొట్టుకుంట ముందల డోరు నుంచి వెనక సీటు దాక పోయేసరికి ఇరవై ఫోన్లల్ల ఇరవై పాటలు వినపడ్తయి. ఒక్కటి కూడా పూర్తిగ ఉండది. పల్లవిల ఒక ముక్క, నాలుగు డప్పు దెబ్బలు, వేలు పైకి జరిగె, ఇంకో పాట మొదలాయె.

ఇంటికొస్తే మా బిడ్డ కూడా అంతే. పదమూడేండ్లు, ఎనిమిదో తరగతి. ఒకనాడు అది పాడుకుంట జడేసుకుంటుంటే "ఆ పాటల చరణం ఎట్లుంటదే?" అని అడిగిన. "చరణం అంటే?" అన్నది. పాటలు తెల్వక కాదు, నాకంటె ఎక్కువ పాటలు తెలుసు దానికి. పాట మొదలుపెట్టి కొసదాక కూసొని వినుడే తెల్వదు. ఆ మాట నాకు రెండు డ్యూటీల దాక మనసుల నుంచి పోలే.

మా చిన్నప్పుడు కొండమల్లేపల్లిల మా మేనమామ ఇంట్ల టేప్ రికార్డర్ ఉండె. పాట నచ్చినా నచ్చకున్నా వినుడే. మాటిమాటికి ముందలికి తిప్పితే రీలు సాగుతదని మామ ఊకునేటోడు కాదు. అట్ల ఇష్టం లేని పాటలు కూడా విని విని, ఏడాదికి అవే ఇష్టమైనయి. బిడ్డకు కూడా అసొంటిదే ఒకటి కావాలె అనుకున్న. మా డిపో మెకానిక్ ఒకాయన ఈ దుకాణం చెప్పిండు.

నల్లగొండల ప్రకాశం బజార్ పక్క సందుల ఉంటది. బోర్డు లేదు. ముందల అంతా మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు. రిపేర్లతోనే దుకాణం నడుస్తది. వెనక గోడకు మాత్రం కిందికెల్లి పైదాక చెక్క అరలు, అరల నిండ క్యాసెట్లు. దుకాణమాయనను అందరు చాచా అంటరు. డెబ్బై దాటి ఉంటడు. యాభై ఏండ్ల సంది రేడియోలు బాగుచేస్తున్నడట.

రేడియో, టేపు రెండూ ఉండే టూ ఇన్ వన్ ఒకటి 1,800కు ఇచ్చిండు. పాతదే, బెల్టు కొత్తది, హెడ్డు స్పిరిట్‌తోని తుడిచి, నా ముందలనే రెండు దిక్కులా పెట్టి వినిపించిండు. క్యాసెట్ 40, బాగున్నయి అయితే 60. విన్నంక తీస్కొచ్చి ఇస్తే 10 రూపాయలకే ఇంకోటి మార్చిస్తడు. నాకు బాగా నచ్చింది ఇదే. పిల్లల కోసం పాటలు కొనుడంటే సగం వృథా అయితయని భయం ఉంటది. ఇక్కడ ఆ భయం లేదు.

ఇంకో పద్ధతి ఉన్నది ఆయనకు. ఒక్కసారికి ఒక్కటే ఇస్తడు. నేను ఐదు ఏరుకొని బల్ల మీద పెడితే నాలుగు తీసి మళ్ల అరల పెట్టిండు. "ఒక్కటి చాలు బేటీ. రెండు దిక్కులు నాలుగుసార్లు తిరిగినంక రండ్రి" అన్నడు. గిరాకీ వద్దనుకునే దుకాణం నేను చూడలే. మొదట జర కోపం వచ్చింది గాని, ఇప్పుడు చూస్తే ఆయన చెప్పిందే సరైనది.

"ఏం వింటవు బేటా?" అని మా బిడ్డను అడిగి, అది చెప్పిన పాటలన్నీ ఓపికగ విన్నడు. అవి బాగలేవని ఒక్క మాట అనలే. అరల వెతికి మాండలిన్ శ్రీనివాస్ క్యాసెట్ తీసిండు. నేను సినిమా పాటలిస్తడనుకున్న. ఇదేమో మాటలే లేని కచేరీ. పిల్ల పదినిమిషాలు కూడా కూసోదు అనుకున్న. చాచా లెక్క వేరే. మాటలుంటే పిల్లలు తెలిసిన ముక్క కోసం ఎదురుచూస్తరట, మాటలు లేకుంటే చెవి పూర్తిగ వాయిద్యం మీదనే ఉంటదట.

ఇంట్ల పెట్టినం. "ఇది గిటారా అమ్మా?" అన్నది. మాండలిన్ మన దిక్కు వాయిద్యం కాదు, పడమటి దేశాలది, జంటలు జంటలుగ ఎనిమిది తీగెలుంటయి. శ్రీనివాస్ కరెంటు మాండలిన్ పట్టుకొని, ఐదు తీగెలకు మార్చుకొని, దాని మీద కర్ణాటక సంగీతం వాయించిండు. పాలకొల్లు పిల్లగాడు. 1978ల గుడివాడల మొదటి కచేరీ చేసేనాటికి తొమ్మిదేండ్లు. ఇది చెప్పంగనే మా దాని ముఖం మారింది. తనకంటె నాలుగేండ్లు చిన్నోడు వాయించిండంటే దానికి పౌరుషం వచ్చింది. మళ్ల మొదటికెల్లి పెట్టమన్నది. దాంట్ల ‘రఘువంశ సుధాంబుధి’ అని కదనకుతూహల రాగంల కీర్తన ఉంటది. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్‌ది. గుర్రం ఉరికినట్టు పోతది. పదకొండేండ్ల నుంచి పదిహేనేండ్ల పిల్లలకు శాస్త్రీయ సంగీతం చూపాలంటే నేను ఇప్పుడు ఇదే ముందల పెడ్త. ఆయన 2014ల, 45 ఏండ్లకే పోయిండని చెప్పినప్పుడు మాత్రం అది శానాసేపు మాట్లాడలే.

రెండోది శంకరాభరణం. ఇది అందరికి తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్ప. 1980 సినిమా, సంగీతం మహదేవన్. ఆయనకు, బాలసుబ్రహ్మణ్యంకు, వాణీజయరాంకు ముగ్గురికీ జాతీయ అవార్డులొచ్చినయి. ఒక్క మాట మాత్రం చెప్త. పిల్లలకు పెద్ద గొంతుతోని పాడే పాట ముందల పెట్టకుండ్రి. వాణీజయరాం పాడిన రామదాసు కీర్తన ‘ఏ తీరుగ నను దయ చూచెదవో’ పెట్టుండ్రి. మనింట్ల మనం మాట్లాడుకునే మాటలే అవి. మా బిడ్డకు పట్టుకున్నది కూడా ఆ పాటే.

మూడోసారి చాచా మెహదీ హసన్ గజళ్లు ఇచ్చిండు. అవి ఆయనకు పానం. ఇచ్చుకుంట కండ్లు మూసుకొని ఒక లైను పాడిండు కూడా. గాని పదమూడేండ్ల పిల్లకు ఉర్దూ రాకుంటే ఆ గజల్‌ల ఏమున్నదో ఎట్ల తెలుస్తది? రెండు దినాలు విన్నది, మర్యాదకు విన్నది. తిరిగిచ్చిన. పెద్దయినంక అదే వెతుక్కుంటదని చెప్పిన. ఆయన ఏమనుకోలే.

నాలుగోది మా ఇంట్ల అన్నిటికంటె ఎక్కువ తిరిగింది. మా భూమి సినిమా పాటలు. ఒరిజినల్ కాదు, ఎవరో పెన్నుతోని పేరు రాసిన సీ-60 క్యాసెట్, దిక్కుకు 30 నిమిషాలు. ‘బండెనక బండి గట్టి’ మా బిడ్డకు మొదలే తెలుసు, స్కూల్ల డ్యాన్సు చేసిన్రు. బండి యాదగిరి పాట అని, నిజాం కాలంల పోరాటంల పుట్టిందని, సినిమాల గద్దర్ నిలబడి పాడిండని తెల్వదు. చేతిల కర్ర, భుజాన గొంగడి, ఆ గొంతు. పాటల తిట్టేది నిజాం సర్కారునని నేను చెప్తేనే తెలిసింది. అప్పుడు అర్థమైంది తను స్కూల్ల దేని మీద ఎగిరిందో.

ఇంకో పాట ‘పల్లెటూరి పిల్లగాడా’. సుద్దాల హనుమంతు రాసింది. సుద్దాల మన పాత నల్లగొండ జిల్లా ఊరే. పసులగాసే పసివాడి మీద పాట. మా నాయిన ఆ దినం మాపటికి మంచంల పండుకొని ఉన్నడు. డెబ్బై ఆరేండ్లు, సరిగ వినపడది. పాట మొదలైనంక లేచి కూసున్నడు. రెండో చరణం కాడ నోరు కదిలిస్తున్నడు. మా బిడ్డ టేపు ఆపి "తాతా, నీకొస్తదా ఈ పాట?" అని చెవిల అరిచింది. "రాకేమి" అన్నడు. తొమ్మిదేండ్ల నుంచి పదిహేనేండ్ల దాక పటేలింట్ల జీతమున్నడు మా నాయిన. ఏడాదికి జొన్నలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. ఈ ముచ్చట నాకు ముక్కలు ముక్కలుగ తెలుసు గాని కూసోబెట్టి ఎన్నడు చెప్పలే. నేను అడగలే. ఆ రాత్రి మనుమరాలికి మొత్తం చెప్పిండు. బర్రె తప్పిపోతే రాత్రంత చెల్కల పొంటి తిరిగింది, పటేలమ్మ దొంగతనంగ మజ్జిగ పోసింది. జీతగాడు అంటే నెలజీతం తీసుకునేటోడు అనుకున్నది మా బిడ్డ అప్పటిదాక. ఆ క్యాసెట్ మాత్రం తిరిగియ్యలే. చాచాకు చెప్పి ఉంచుకున్న.

ఆ వరుసలనే గోరటి వెంకన్నది అడిగిన. పాత మహబూబ్‌నగర్ జిల్లా మనిషి, 2021కి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కుబుసం సినిమా క్యాసెట్ ఇచ్చిండు, దాంట్ల ‘పల్లె కన్నీరు పెడుతుందో’ ఉంటది. కుమ్మరి, కమ్మరి, సాలె, వడ్ల, ఒక్కొక్క కులవృత్తి ఎట్ల ఆగిపోయిందో పేరు పేరునా చెప్తది. ఇక్కడ మా బిడ్డ నాకే ఒక మాట చెప్పింది. "అమ్మా, బలగంల ‘ఊరు పల్లెటూరు’ ఉంది కదా, దాంట్ల ఊరు నవ్వుతది, దీంట్ల అదే ఊరు ఏడుస్తది" అని. కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు తెచ్చిన పాట అది. నాకు తోచలే ఆ పోలిక. పక్కపక్కన రెండూ పెట్టి విన్నం, అది ఫోన్ల, ఇది టేపుల. మీ ఇంట్ల పిల్లలుంటే ఈ రెండూ ఒకేనాడు వినిపించుండ్రి.

కిన్నెర పాటలు చాచా కాడ లేవు. ఈ దుకాణంల నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే. నాగర్‌కర్నూల్ దిక్కు దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించుకుంట పండుగ సాయన్న కథ పాడ్తడు. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన పాలమూరు వీరుని కథ. 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు. పిల్లలు భీమ్లా నాయక్ పాట మొదట్ల ఆయన గొంతు విన్నరు, అది జరంతనే. కథ మొత్తం ఫోన్లనే వెతికి వినిపించిన. వేలు జరుపొద్దని ముందలే ఒట్టు పెట్టించుకున్న.

ఆఖరుకు ఇచ్చింది ఇళయరాజా 1986ల చేసిన ‘హౌ టు నేమ్ ఇట్’. సినిమాది కాదు, పాటలు లేవు, ఎక్కువగ వయొలిన్లే. త్యాగరాజుకు, జర్మనీల మూడొందల ఏండ్ల కింద ఉన్న బాక్ అనే సంగీతకారునికి, ఇద్దరికీ కలిపి అంకితం చేసిండు. మాండలిన్ విని ఉన్నది కాబట్టి మా బిడ్డకు ఇది కష్టం కాలే. ఇదే మొదటిసారి ఇచ్చి ఉంటే మాత్రం పక్కకు పెట్టేసేది. ఒక వయొలిన్ ఒక దారిన పోతది, ఇంకోటి దాని ఎనకనే ఇంకో దారిన వస్తది, రెండూ కొట్లాడుకోవు. బాక్‌ది వేరే ఏమన్న ఉన్నదా అని చాచాను అదే అడిగింది. నేను అడగమనలే.

ఇబ్బందులు కూడా చెప్పాలె. ఎనభైల నాటి రీళ్లు కదా, కొన్నిటికి తెల్లగ బూజు పట్టి ఉంటది. మల్లీశ్వరి క్యాసెట్ ఎంతో ఆశతోని తీస్కున్న, భానుమతి గొంతు మధ్యల కీచుమని అరిచింది. మార్చిచ్చిండు గాని మంచిది దొరకలే. కొనేటప్పుడు చిన్న కిటికీల నుంచి రీలు వెలుతురుకు పట్టి చూడుండ్రి. మూడు వారాలకు మా టేపు మెల్లగ తిరుగుడు మొదలుపెట్టింది, పాడేటోళ్లందరి గొంతు బరువైంది. బెల్టు సాగిందట, పైస తీస్కోకుండ వేసిచ్చిండు. బిల్లు ఇయ్యడు. ఫోన్ పే లేదు, చిల్లర పట్టుకపోవాలె. పొద్దుగాల పదకొండు దాటినంకనే తీస్తడు, శుక్రవారం నమాజుకు పోతే మూడింటి దాక రాడు. రీలు వదులైతే తిప్పనీకి ఇంట్ల ఆరు మూలల పెన్సిల్ ఒకటి ఉంచుకోండ్రి, గుండ్రటిది పనికిరాదు.

బిస్మిల్లాఖాన్ షెహనాయి ఒకటి బూజు తుడిచి పక్కకు పెడ్తనన్నడు చాచా. వచ్చే ఆదివారం నాకు వీక్లీ ఆఫ్. పోతున్నం.