పవర్ స్టీరింగ్ లేకపోవడమే దీని గొప్ప: లోటస్ ఎలీజ్ ఫైనల్ ఎడిషన్‌తో కొన్నేళ్లు

నా దగ్గర లోటస్ అనే బ్రిటిష్ కంపెనీ తయారుచేసిన రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు ఉంది, పేరు ఎలీజ్ స్పోర్ట్ 240 ఫైనల్ ఎడిషన్. అది ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు చెప్పే మాట ఒకటే. దీనికి పవర్ స్టీరింగ్ లేదు, నేను దీన్ని ఇంకా అమ్మకపోవడానికి కారణం అదే. 240 హార్స్‌పవర్, 922 కిలోలు, టొయోటా నుంచి వచ్చిన 1.8 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ ఇంజిన్, ఇవన్నీ ఈ కారు మీద మక్కువ ఉన్నవాళ్లకు కంఠతా వచ్చినవే కాబట్టి వాటి జోలికి పోను. 2021లో ఉత్పత్తి ఆగిపోయే ముందు వచ్చిన ఆఖరి విడతలోది నా కారు. అప్పటినుంచి ఎండనకా వాననకా నడుపుతూనే ఉన్నాను.

స్టీరింగ్ చక్రానికీ ముందు టైర్లకీ మధ్య ఈ కారులో ఉన్నది ఒక షాఫ్టు, పళ్లున్న ఒక కడ్డీ (ర్యాక్), దాన్ని చక్రాలకు కలిపే రెండు కడ్డీలు (టై రాడ్లు). మోటారు లేదు, హైడ్రాలిక్ పంపు లేదు. సాయం చేసేది లేదంటే అడ్డం వచ్చేదీ లేదన్నమాట. పాత తారు అయిపోయి కొత్త తారు మొదలైన చోటు, రోడ్డు మీద గీసిన తెల్ల గీత మందం, మలుపు లోపలి అంచున చేరిన సన్నటి ఇసుక, అన్నీ అరచేతికి విడివిడిగా తెలుస్తాయి. గాలిపటం ఎగరేసేటప్పుడు పైన గాలి ఎటు మళ్లిందో కళ్లకంటే ముందు దారం పట్టుకున్న వేలికి తెలుస్తుంది చూడండి, అలాంటిదే ఇది.

ఇంజిన్ సీట్ల వెనక ఉండబట్టే ఇది కుదిరింది. ముందు చక్రాల మీద బరువు తక్కువ. ముందు టైర్లు కూడా 195 మిల్లీమీటర్ల సన్నవి, వెనకవి 225. బరువైన ఇంజిన్ ముందున్న కారుకు పవర్ స్టీరింగ్ సాయం తీసేస్తే తిప్పేవాడికి నరకమే. ఎలీజ్ తర్వాత అదే కంపెనీ తెచ్చిన ఎమీరా కూడా ఇలా ఇంజిన్ సీట్ల వెనక ఉండే మిడ్-ఇంజిన్ కారే అయినా బరువు 1,400 కిలోలు దాటుతుంది, దానికి హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ పెట్టారు. అదీ బాగుంటుంది, కాదనను. కానీ ఎలీజ్ దిగి ఇంకే కారు ఎక్కినా చేతులకు ఏదో కబురు అందడం మానేసిందనిపిస్తుంది.

కొనేటప్పుడు అనుకోని వరం ఒకటి వానాకాలంలో బయటపడింది. తడిసిన కొండ దారిలో ఒక పొడుగాటి మలుపు తిరుగుతుంటే చేతుల్లో ఉన్న బరువు ఉన్నట్టుండి సగానికి తగ్గింది. కారు ఇంకా గీత తప్పలేదు, టైరు కీచుమనలేదు, కళ్లకు తేడా ఏమీ కనబడలేదు. యాక్సిలరేటర్ మీద కాలు పిసరంత సడలించేసరికి బరువు మళ్లీ చేతికొచ్చింది. మలుపు దాటాక గానీ నాకు అర్థం కాలేదు, ముందు చక్రాలు జారబోతున్నాయని స్టీరింగ్ నాకు ముందే చెప్పిందని.

దీని వెనక ఉన్న కారణం తెలిశాక కారు మీద గౌరవం ఇంకా పెరిగింది. మలుపులో టైరుకు నేల నుంచి వచ్చే పక్కబలం, టైరు నేలను తాకే భాగానికి సరిగ్గా నడిమధ్యన కాక కాస్త వెనకగా పనిచేస్తుంది. ఆ కాస్త దూరం వల్లే చక్రం తనంతట తాను తిన్నగా తిరగాలని చూస్తుంది, అదే మన చేతికి బరువుగా తెలిసేది. టైరు తన హద్దుకు దగ్గరయ్యే కొద్దీ ఆ దూరం తగ్గిపోతుంది, అదీ పట్టు పూర్తిగా పోకముందే. ఇది అన్ని కార్ల టైర్లలోనూ జరిగేదే. చాలా కార్లలో పవర్ స్టీరింగ్ మోటారు ఆ తేడాను మింగేస్తుంది, ఎలీజ్‌లో అది ఉన్నదున్నట్టు చేతికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. టైర్లు అరిగితే మంచి పేరున్న ఒక వర్క్‌షాపులో కొత్తవి వేయించాను. అదే సైజు, అదే రకం. వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాలు ఏ కోణంలో నిలబడాలో సరిచేసే పని, కూడా వాళ్లే చేసి, కంప్యూటర్ తెర మీద అంకెలన్నీ సరిగ్గా ఉన్నట్టు ఆకుపచ్చగా చూపించి, ప్రింటు తీసిచ్చారు. బయటికొచ్చి మొదటి మలుపు తిరిగేసరికి ఇది నా కారేనా అనిపించింది. తిన్నగా పోతుంటే స్టీరింగ్ మధ్యలో మొద్దుబారిపోయింది. మలుపులోకి తిప్పితే ఒక క్షణం ఆలోచించి అప్పుడు కదులుతోంది. అన్నిటికంటే భయపెట్టింది వెనక భాగం. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే మిడ్-ఇంజిన్ కారు వెనక కొంచెం కదలడం మామూలే, కానీ ఇప్పుడు ఉలిక్కిపడినట్టు పక్కకు జరుగుతోంది. తడి రోడ్డు మీదికి తీసుకెళ్లడానికి ధైర్యం చాలలేదు.

కొత్త టైర్లు కదా, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగితే దారికొస్తాయన్నారు. తిరిగాను, రాలేదు. టైర్లలో గాలి మళ్లీ మళ్లీ చూశాను, సరిగ్గానే ఉంది. మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్తే ఆ పచ్చ అంకెలే చూపించి, మెషీన్ అబద్ధం చెప్పదండీ అన్నారు. నాకు కోపం వచ్చింది ఆ మాటకే. కారు నడిపేవాడి చేతులు చెబుతున్నది వినకుండా తెరవైపు వేలు చూపిస్తే ఇంకేం మాట్లాడతాం?

చివరికి రేసు కార్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఒక మెకానిక్ ఈ చిక్కు విప్పారు. కాగితం చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, కొలిచేటప్పుడు సీట్లలో బరువేమైనా పెట్టారా అని. పెట్టలేదు. ఎలీజ్ సస్పెన్షన్ కొలతలు తీయాల్సింది ఖాళీ కారు మీద కాదట. చెరో 75 కిలోల చొప్పున ఇద్దరి బరువు, సగం ట్యాంకు పెట్రోలు ఉన్నప్పుడు నేలకు ఎంత ఎత్తులో నిలబడుతుందో ఆ స్థితిలో తీయాలి. మామూలు కారుకు ఇది చిన్న తేడా కావచ్చు. 922 కిలోల కారులో 150 కిలోలంటే దాదాపు ఆరో వంతు.

ఆయన సీట్లలో ఇసుక సంచులు పెట్టి మళ్లీ కొలిచారు. ముందు చక్రాలు ఉండాల్సినదానికంటే లోపలికి చూస్తున్నాయి, స్టీరింగ్ మొద్దుబారింది అందుకే. వెనక చక్రాలు కాస్త లోపలికి చూడాల్సింది పోయి దాదాపు సమాంతరంగా నిలబడ్డాయి. వెనక బరువు ఎక్కువున్న కారును మలుపులో కుదురుగా ఉంచేది ఆ కాస్త లోపలి చూపే. మెషీన్‌లో ఇంకేదో మోడల్ కొలతలు ఎంచుకుని చేసుంటారని ఆయన అభిప్రాయం. మొదట వెనక చక్రాలు సరిచేసి, దాన్ని ఆధారం చేసుకుని ఆ తర్వాతే ముందు చక్రాల పని పట్టారు. మధ్యలో ఆయన్ని తొందరపెట్టాలనిపించినా నోరు మూసుకుని పక్కనే నిలబడి చూశాను. పనైపోయాక నడిపితే మొదటి మలుపులోనే పాత కారు తిరిగొచ్చింది. ఆ రోజు ఇల్లు చేరడానికి దగ్గర దారి ఉన్నా పట్టలేదు.

అందుకని ఇప్పుడు నా పొగడ్తకు ఒక సవరణ ఉంది. పవర్ స్టీరింగ్ లేకపోవడం సగం సంగతే. మిగతా సగం సస్పెన్షన్ కొలతల్లో, టైర్లలో ఉంది, అవి కొంచెం చెడినా ఇంత మంచి స్టీరింగూ ఎందుకూ పనికిరాదు. దానికి తోడు కారు నిలబడి ఉన్నప్పుడు తిప్పడం కష్టమే. కాస్త కదులుతుండగా తిప్పడం అలవాటు చేసుకుంటే కొంత నయం. గట్లు పడిన రోడ్డు మీద చక్రం చేతుల్లో అటూ ఇటూ లాగుతూనే ఉంటుంది. ఉత్సాహంగా ఉన్న రోజు అదంతా కబుర్లలా వినిపిస్తుంది. అలసిపోయిన రోజు, పైగా దూర ప్రయాణమైతే, ఆ కబుర్లు కాసేపు ఆపితే బాగుండనిపిస్తుంది. భుజాలు పట్టేసిన రోజుల్లో నేను వేరే కారు తీసుకెళ్తాను.

లిమిటెడ్ ఎడిషన్ అన్న మాట గురించీ ఒకటి చెప్పాలి. డ్యాష్‌బోర్డు మీది ఫైనల్ ఎడిషన్ ఫలకం చూసి కొనేవాళ్లున్నారు, గుడ్డ కప్పి దాచేవాళ్లూ ఉన్నారు. ఈ విడతతో వచ్చిన కొత్త డిజిటల్ మీటర్లు చూడ్డానికి బాగానే ఉంటాయి, కానీ వాటికోసం నేనైతే ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను. నన్ను కదిలించేది వేరే సంగతి. 1995లో ఈ కారును లోకానికి చూపించినప్పుడు, అప్పటి లోటస్ అధిపతి రొమానో ఆర్టియోలి మనవరాలు ఎలిసా పేరు దీనికి పెట్టారు. పాతికేళ్ల తర్వాత తయారైన చివరి ఎలీజ్‌లలో ఒకటి ఆమెకే చేరింది. తయారుచేసినవాళ్లకు ఈ కారు మీద ఎంత ప్రేమో అక్కడ తెలుస్తుంది. ఆ ప్రేమను గుడ్డ కింద దాచడం నాకు నచ్చదు.

కొనమంటారా అంటే, నా సంగతి చూసి నిర్ణయించుకోకండి. రోజువారీ పనులకు నాకు ఇంకో కారుంది, వెనక సీట్లు అవసరమయ్యే కుటుంబం కాదు మాది, ఎత్తైన గడప లాంటి ఆ అంచు దాటి దిగి ఎక్కడానికి మోకాళ్లు ఇంకా సహకరిస్తున్నాయి. వీటిలో ఏ ఒక్కటి మారినా నా మాట మారొచ్చు. పాతది దొరికి చూడ్డానికి వెళ్తే మాత్రం సర్వీసు పుస్తకంతో పాటు చివరి అలైన్‌మెంట్ కాగితం కూడా అడగండి. కొలిచేటప్పుడు సీట్లలో బరువు పెట్టారో లేదో కనుక్కోండి. వీలైతే తడి రోడ్డు మీద నెమ్మదిగా ఒక మలుపు తిప్పి చూడండి. అప్పుడు మీ చేతులకు ఏమీ అందకపోతే ఆ కారు చెడ్డదని కాదు, దాన్ని సరిగ్గా కొలిచినవాళ్లు లేరేమో. అలాంటప్పుడు ధర కొంచెం తగ్గించమని అడిగి, మంచి మెకానిక్ కోసం వెతకడం మొదలుపెట్టండి.