దుర్గమ్మ కొండ, గుణదల, నాస్తిక కేంద్రం: అమ్మతో బెజవాడలో రెండు రోజులు

బెజవాడ అంటే అమ్మకు దుర్గమ్మే. ఇంటర్ చదివే మా అమ్మాయికేమో నాస్తిక కేంద్రం చూడాలని. ఇద్దరిలో ఎవరి మాటా కాదనలేక, నల్లగొండ నుంచి సూర్యాపేటలో బస్సు మారి బయల్దేరాం.

ముందు బస సంగతి. బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జి ఫోన్లో మాట్లాడుకున్నాను. లిఫ్టు ఉందా అని రెండుసార్లు అడిగితే ఉందన్నారు. ఉంది, తాళం వేసి ఉంది. అమ్మ మోకాళ్లకు మూడో అంతస్తు! గట్టిగా అడిగితే కింద గది ఇచ్చారు, కిటికీ తెరిస్తే జనరేటరు. గది మాత్రం శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లిఫ్టు ఉందా అని కాదు, నడుస్తోందా అని అడగండి.

తెల్లారేసరికి ఇంద్రకీలాద్రి. మెట్లెక్కలేని వాళ్లకు మహామండపం వైపు లిఫ్టులున్నాయి. శుక్ర, ఆదివారాలు కాకపోతే మేలు. ఉచిత దర్శనం లైను పక్కనే టికెట్టు లైను చకచకా కదులుతుంటే మా అమ్మాయి ఊరుకోలేదు: "అమ్మవారి దగ్గర కూడా డబ్బున్నోళ్లకు వేరే లైనా నానమ్మా?"

"ఆమెనడిగి పెట్టిన్రా ఏంది?" అంది అమ్మ.

టికెట్లు కొన్నది నేనే. మోకాళ్ల వంక చెప్పుకున్నాను గానీ, పక్క లైన్లో అమ్మకంటే పెద్దవాళ్లే నిలబడి ఉన్నారు.

సాయంత్రం గుణదల కొండ. నుదుటిన పొద్దుటి కుంకుమతోనే అమ్మ మేరీమాత ముందు కొవ్వొత్తి వెలిగించింది. ఎవరూ వింతగా చూడలేదు. అక్కడ కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు, మనవాళ్ల మొక్కులన్నీ ఉన్నాయి. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా తిరునాళ్లు. పెద్దవాళ్లతో అయితే ఆ మూడు రోజులూ వద్దు.

మర్నాడు బెంజి సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం. ఇది టికెట్టు కొని చూసే చోటు కాదు, ముందు ఫోను చేసి వెళ్లడం మర్యాద. గోరా, సరస్వతి దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో బెజవాడకు మార్చారు. అంతకుముందు దేవుడు లేడన్నందుకు కాకినాడ కాలేజీలో గోరా లెక్చరర్ ఉద్యోగం పోయింది. అమ్మాయికి నచ్చింది పెళ్లి కథ. గోరా పెద్దకూతురు మనోరమ దళిత యువకుణ్ణి పెళ్లాడింది. ఆ పెళ్లిని సేవాగ్రామంలోని తన ఆశ్రమంలో తానే జరిపిస్తానన్నాడు గాంధీ, ఈలోగా ఆయన్ను చంపేశారు. 1948 మార్చిలో అక్కడే జరిగింది.

అమ్మ ముళ్లమీద కూర్చున్నట్టే కూర్చుంది, గోరా పిల్లల పేర్ల దాకా. ఉప్పు సత్యాగ్రహమప్పుడు పుట్టినవాడు లవణం, ఇంకొకరు సమరం. "ఏ సమరం? పత్రికల్ల ఆ జవాబులు రాసే డాక్టరా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడి పెద్దాయన కూడా నవ్వారు.

అసలు మాట తర్వాత వచ్చింది. సరస్వతమ్మ కడుపుతో ఉండి బయటికెళ్లి గ్రహణం చూశారని ఆయన చెప్పారు. అమ్మ నవ్వు ఆగిపోయింది. 1980 ఫిబ్రవరి 16న మా జిల్లాకు సంపూర్ణ సూర్యగ్రహణం. అమ్మ కడుపులో నేను.

"మా అత్త తలుపులన్నీ మూసి నన్ను మంచంల ఎల్లకిల పండబెట్టింది. గీరుకోనియ్యలే, పక్కకు ఒత్తిగిలనియ్యలే. నీళ్లు గూడ తాగనియ్యలే. గ్రహణపు మొర్రి వస్తదని." తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "ఆమె పిల్లలకు ఏం గాలేదా?" అంది.

"తొమ్మిదిమంది అమ్మా. అందరూ బాగానే పుట్టారు."

అమ్మ నా పెదవి వంక చూసింది. "వీడు గూడ మంచిగనే పుట్టిండు. నేను కదలలే గద మరి."

ఆయన వాదించలేదు. అమ్మ సంచిలోంచి దుర్గమ్మ లడ్డూ తీసి ఇవ్వబోతే, "షుగరమ్మా" అని చిన్న ముక్క తుంచుకున్నారు. మిగతా రెండుచోట్ల లడ్డూకూ కొవ్వొత్తికీ అయినంత ఖర్చు ఇక్కడ కాలేదు, కానీ ఎక్కువసేపు కూర్చున్నది ఇక్కడే.

తిరుగు బస్సులో కోదాడ దాటాక మా అమ్మాయి అడిగింది: "ఈసారి గ్రహణానికి నాతో డాబా మీదికొస్తావా నానమ్మా?"

"నాకేమన్న ఇప్పుడు కడుపా, వస్త. అన్నం మాత్రం విడుపు స్నానమైనంకనే."