రెండు సిమ్‌లు, ఒకటే టవర్: కంపెనీలు కలిసిపోయాక ఏడేళ్ల వాడకం

రోజుకి ఎన్ని జీబీ, స్పీడెంత అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా బాధంతా ఒక్కదాని మీదే. నా ఫోన్‌లో కావాలనే రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకున్నాను. ఆ రెండు కంపెనీలూ కలిసిపోయాయి. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుందన్న నా ధీమా ఆరోజే పోయింది. ఆ సంగతి నాకు తెలియడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

ఈ అలవాటు హుద్‌హుద్ నేర్పింది. 2014 అక్టోబర్ 12న తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు మూగబోయాయి. మూడో రోజు గోపాలపట్నంలో మా మేడెక్కితే ఒక సిమ్‌కి ఒక్క గీత కనిపించింది. రెండో దానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆ ఒక్క గీత పుణ్యాన శృంగవరపుకోట దగ్గరున్న మా అమ్మకి "బాగానే ఉన్నామమ్మా, ఏడవకు" అని చెప్పగలిగాను. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. బ్యాంకు ఖాతాలు రెండు, ఒక్కోదానికి ఒక్కో కంపెనీ నంబరు.

అప్పట్లో మన ఆంధ్రా సర్కిల్లో ఎన్ని కంపెనీలుండేవో! ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, ఎయిర్‌సెల్, రిలయన్స్, టాటా డొకొమో, యూనినార్, బీఎస్ఎన్ఎల్. 2009లో డొకొమో సెకనుకి పైసా అంటూ దిగితే మిగతావాళ్లూ ఆ లెక్కకి రాక తప్పలేదు. 2016 సెప్టెంబర్లో జియో వచ్చాక చిన్నవాళ్లు నిలబడలేకపోయారు. 2018 మేలో టెలినార్ ఎయిర్‌టెల్‌లో కలిసింది (మన యూనినార్‌కే తర్వాత పెట్టిన పేరది). అదే ఏడాది ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. 2019 జులైలో టాటా వాళ్ల మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌కి వెళ్లిపోయింది. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. నా సిమ్‌లు రెండూ ఇలాంటి ఒక కలయికలోనే పడ్డాయి. ఏదన్నది చెప్పను. ఎవరు ఎవరితో కలిసినా వచ్చే ఇబ్బందే ఇది.

మొదటి ఏడాది నేను ఈ కలయికని తెగ మెచ్చుకున్నాను. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే ఇదివరకు మాట మధ్యలో తెగిపోయేది. కలిశాక ఒకరి టవర్ లేనిచోట ఇంకొకరిది అందుకుంటోంది. అనంతగిరి దాకా అమ్మతో మాట్లాడుతూ వెళ్లానని ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు, ఇప్పటికీ ఆ దారిలో బాగానే ఉంది. కాకపోతే ఆ దారిన నేను వెళ్లేది పండక్కీ పబ్బానికీ. రోజూ ఉండేది గోపాలపట్నంలో, కొండ వాలు కింద ఇంట్లో.

ఆ రోజుల్లోనే మా వీధి చివర మూడంతస్తుల మేడ మీద టవర్ తీసేశారు. పొడుగాటి తెల్ల డబ్బాలని తాళ్లు కట్టి ఒక్కొక్కటే కిందకి దించుతుంటే పిల్లలతో పాటు నేనూ నిలబడి చూశాను. నెలనెలా వచ్చే అద్దె పోయిందని మేడగలాయన దిగులుపడ్డారు. దానికీ నా సిమ్‌కీ సంబంధం ఉందని నాకప్పుడు తట్టలేదు.

నిరుడు వానాకాలంలో తట్టింది. మా అమ్మాయికి కౌన్సెలింగ్‌లో సీటొచ్చింది. ఫీజు కట్టడానికి ఆఖరి రోజు, సాయంత్రం ఆరు వరకే గడువు. మా ఆయనకి ప్లాంటులో బి షిఫ్టు, ఇంట్లో లేరు. నాలుగున్నరకి కూర్చుంటే మొదటి సిమ్‌లో సిగ్నల్ లేదు. కంగారు పడలేదు, రెండోది ఉందిగా అనుకున్నాను. చూస్తే దాని మీదా అడ్డగీత! ఫోన్ ఆపి మళ్లీ వేశాను, సిమ్‌లు తీసి తుడిచి పెట్టాను, మేడెక్కాను. ఏమీ లేదు.

పక్కింటి పిన్నిగారి ఫోన్ వేరే కంపెనీది, అది నిక్షేపంగా పనిచేస్తోంది. "నా నెట్టు వాడుకోవే" అని హాట్‌స్పాట్ పెట్టి ఇచ్చారు. ఫీజు పేజీ తెరుచుకుంది, కార్డు నంబరు కొట్టాం. ఓటీపీ అడిగింది. ఓటీపీ రావాల్సింది నా నంబరుకి! రెండో బ్యాంకు కార్డు పెట్టాం. అదీ అంతే. నెట్ చేతిలో ఉంది, ఖాతాల్లో డబ్బుంది, ఆ ఆరంకెలు మాత్రం రావు. అమ్మాయి ముఖం పాలిపోయింది. నా కాళ్లలో వణుకు.

అయిదుంపావుకి చినుకుల్లోనే స్కూటీ తీశాను. వెనక అమ్మాయి ఫోన్‌ని చున్నీలో చుట్టి పట్టుకుంది. ఎన్ఏడీ కొత్తరోడ్డు ఫ్లైఓవర్ కిందకి రాగానే టింగు టింగుమని వరసగా ఆరు మెసేజ్‌లు. అన్నీ టైము దాటిపోయిన ఓటీపీలే. అక్కడే పిల్లర్ పక్కన స్కూటీ ఆపి మళ్లీ మొదట్నుంచి కొట్టాం. అయిదు నలభై ఎనిమిదికి డబ్బు కట్టినట్టు వచ్చింది. అమ్మాయి నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

మర్నాడు స్టోర్‌కి వెళ్లి అడిగాను. కాలవ పనికి తవ్వుతుంటే టవర్‌కి వెళ్లే కేబుల్ తెగిందట. "మరి రెండు సిమ్‌లూ ఒకేసారి ఎలా పోయాయి బాబూ?" అంటే కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: "ఇప్పుడు రెండూ ఒకటే కదా మేడం. ఏ సిమ్ వేసినా అదే టవర్. ఒకే వీధిలో రెండు పెడితే అద్దె, కరెంటు, డీజిలు అన్నీ డబుల్ అవుతాయి కదండీ." తాళ్లతో దించిన తెల్ల డబ్బాలు అప్పుడు కళ్లముందు మెదిలాయి. కలిస్తే ఖర్చు తగ్గుతుందని కంపెనీలు చెప్పేది నిజమే. ఆ తగ్గిన ఖర్చులో మా వీధి రెండో టవర్ కూడా ఉంది. అది నాకు అక్కరకొచ్చేది.

ఖర్చు తగ్గినా రీఛార్జ్ తగ్గిందా అంటే అదీ లేదు. 2024 జులై మొదటి వారంలో పెద్ద ప్రైవేటు కంపెనీలు మూడూ రోజు తేడాలో రేట్లు పెంచాయి. జియోలో 666 రూపాయల 84 రోజుల ప్యాక్ 799 అయింది. ఎనిమిది కంపెనీలున్నప్పుడు ఒకరు పెంచితే ఇంకొకరి దగ్గరికి పోయేవాళ్లం.

రెండో సిమ్‌ని వేరే కంపెనీకి పోర్ట్ పెట్టేశాను. ఇది మాత్రం సుఖంగా అయింది. PORT అనే మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, నంబరు రాసి 1900కి మెసేజ్ పెడితే కోడ్ వచ్చింది. అది నాలుగు రోజులే పనిచేస్తుంది, ఈలోపే కొత్త కంపెనీ షాపులో ఇవ్వాలి. మూడు పనిదినాల్లో మారిపోయింది, నంబరు అదే. మారేముందు ఆ కంపెనీ టవర్ ఎక్కడుందో పిన్నిగారిని అడిగి, నడిచి వెళ్లి చూసి మరీ వచ్చాను.

మొదటి సిమ్‌ని అలాగే ఉంచాను. అమ్మ వాళ్ల ఊళ్లో ఇంటి లోపలిదాకా అందేది ఇప్పటికీ ఆ కంపెనీ సిగ్నలే. అమ్మకి డెబ్బై దాటాయి, ఆమె ఫోన్ చేస్తే నాకు తగలాలి. ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకి, బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లకి నాకొచ్చిన కష్టం రాకపోవచ్చు. కొండ పక్కన, అద్దె ఇంట్లో, ఫోనే ఆధారంగా బతికేవాళ్లు మాత్రం ఒకసారి తమ రెండో సిమ్ ఎవరిదో చూసుకోండి.